పూర్వపక్షానికి ఆమేన్

నాగవంశీ వ్యాసం మీద ప్రేమలీల ఎర్రపెన్ను ఆగిపోయింది. ‘హెల్మెట్ అక్కర్లేదని కొందరు బుద్ధిలేనివాళ్ళు అంటారు. అది శుద్ధ తప్పు.’ అంతే రాశాడు. ఎదుటివాడి వాదనకి ఒక వాక్యం, దాన్ని కొట్టిపారెయ్యడానికి ఇంకో వాక్యం. మిగతాదంతా జీళ్ళపాకం సాగదీసినట్టు సాగదీసిందే.

జిల్లా స్థాయి వ్యాసరచన పోటీకి దువ్వాడలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీ ఏటా పిల్లల్ని పంపుతుంది. గెలిస్తే పిల్లాడి ఫోటో గేటు మీద ఫ్లెక్సీకి ఎక్కుతుంది, ఓడితే తెలుగు మేడమ్ సరిగ్గా చెప్పలేదంటారు. ముందు పూర్వపక్షం పెట్టాలి, అంటే ఎదుటివాడి వాదన చెప్పాలి, తర్వాత దాన్ని ఖండించాలి, అప్పుడే నీ మాట నిలబడుతుంది అని ప్రేమలీల ఎన్ని బ్యాచీలకి చెప్పిందో ఆమెకే గుర్తులేదు. చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. చెవులు మాత్రం ప్రతి జూన్‌లోనూ కొత్తవే వస్తాయి.

“వంశీ, ఇలా రా. హెల్మెట్ వద్దనేవాడు ఏమంటాడు?”

“ఏటంతాడు మేడమ్? బుర్ర నేనోడికి హెల్మెట్టెందుకంతాడు.”

క్లాసంతా గొల్లుమంది. ప్రేమలీల నవ్వలేదు. నవ్వడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

“మీ నాన్న పెట్టుకుంటాడా?”

పిల్లాడు తల గోక్కున్నాడు. “పెట్టుకోడు మేడమ్.”

“ఎందుకంట?”

“గాజువాక సిగ్నల్ కాడ మిట్టమజ్జానం నిలబడి సూడరా, బుర్ర ఇడ్లీ నాగ ఉడికిపోతాది అంతాడు. చెమట కళ్ళల్లో పడి ముందున్న బస్సే కనపడదంతాడు.”

“అదీ మాట. అది రాయి. నువ్వు రాసింది మీ నాన్న చదివి, ఔన్రా, నేనన్నది ఇదే అనాలి. ఆయన చేత ఆ మాట అనిపించేదాకా ఖండన జోలికి పోకు.”

“అంత బాగా రాసెత్తే మానాన్నే గెలిసెత్తాడు కద మేడమ్!”

దానికి జవాబు చెప్పబోయేసరికి బెల్లు కొట్టారు. బెల్లు కొట్టడమే మంచిదయిందని ఆమెకి అనిపించింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూలబడి కళ్ళు మూసుకుంది. పోర్టు వైపు మలుపు తిరిగేసరికి బొగ్గుధూళి రుచి నాలుకకి తగిలింది. ఆ రుచి తగిలితే ఇల్లు దగ్గరపడ్డట్టే. ఇంట్లో ఎవరూ లేరు. భర్త దేవదానం పోర్టులో క్రేను నడిపేవాడు. ఆయన పోయి పదమూడేళ్ళు దాటింది. పిల్లలు కలగలేదు.

ఇప్పుడు గొడవంతా ఆ పోయిన మనిషి గురించే.

వాళ్ళది కొండవాలు చర్చి. దాని వెనకాల వాలు మీద సమాధుల తోట. అది ఎప్పుడో నిండిపోయింది. ఒకవైపు గోడ, ఒకవైపు రైలు కట్ట, పైన రాయి. ఎటు జరపడానికీ లేదు. పాత పద్ధతి ఏమిటంటే, ఒక సమాధి ఒక కుటుంబానిది. భార్యో, బిడ్డో పోతే అదే గోతిలో పైన పెట్టొచ్చు. పరాయి మనిషిని పెట్టకూడదు. పాత కుటుంబాలకి ఇది బాగానే ఉంది. స్టీలు ప్లాంటు పనులకనీ, పోర్టు పనులకనీ తర్వాత వచ్చి చర్చిలో చేరినవాళ్ళకి మాత్రం చచ్చిపోవడానికి చోటు లేకుండా పోయింది. అందుకని ఈ మధ్య కమిటీ ఒక ప్రతిపాదన పెట్టింది. పన్నెండేళ్ళు దాటిన సమాధిని, చర్చి సభ్యులు ఎవరికైనా సరే, తిరిగి తవ్వి వాడుకోవచ్చని. పై వరసతో మొదలుపెడతారు. పై వరసలో మొదటిది దేవదానానిది.

పాత కుటుంబాల వాళ్ళు ప్రేమలీల ఇంటికొచ్చి కూర్చున్నారు. అందరి తరఫునా ఎల్లారావు నోరు తెరిచాడు. పోర్టులో రిటైరైన మనిషి, దేవదానానికి జతగాడు.

“నువ్వు రాయాలమ్మా. నీ రాతకి తిరుగు నేదు. నీ పిల్లలు ప్రైజులు కొట్టుకొత్తన్నారు కదేటి? ఆ కమిటీవోళ్ళ నోరు మూయించేలాగ రాసెయ్యి.”

“వాళ్ళు చెప్పేదీ రాయాలి ఎల్లారావన్నా. అదీ రాస్తేనే జనం మనది వింటారు.”

“ఆళ్ళదెందుకూ?”

“మనం రాయకపోతే వాళ్ళే చెప్పుకుంటారు. మనం ముందే చెప్పి జవాబిస్తే ఇక వాళ్ళకి చెప్పడానికి ఉండదు.”

“ఓహో, లాయరు తెలివన్నమాట,” అని ఎల్లారావు మెచ్చుకుని టీ గ్లాసు కింద పెట్టాడు.

నిజానికి ఆమెకి తెలివితో పనిలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వాలెక్కి, దేవదానం రాతి పక్కన చెప్పులు విప్పి కూర్చుంటుంది. మాట్లాడుతుంది. గ్యాసు అయిపోయిందనో, మోకాలు పట్టేసిందనో, నాగవంశీలాంటివాడు ఇలా రాశాడనో. బతికున్నంత కాలం ఆ మనిషి “ఊఁ” కొట్టడం తప్ప మాట్లాడింది లేదు. కాబట్టి పెద్ద తేడా ఏమీ తెలియదు. వారమంతా బయటివాళ్ళ కోసం మాట్లాడే గొంతుకి ఆ గంటసేపే సొంత మాటలు. ఆ చోటు పోతే ఇక ఎవరితోనూ మాట్లాడేది లేదు.

అయినా పిల్లలకి చెప్పేది తాను చెయ్యకపోతే ఎలా? ప్రతిపాదన కోసం అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది డేవిడ్ రాజు. శనివారం కాలేజీ అయ్యాక ఆటోనగర్‌లో అతని షెడ్డుకి వెళ్ళింది.

డేవిడ్ రాజు లారీలకి టార్పాలిన్లు కుడతాడు. నలభై దాటిన మనిషి. నేలంతా పరిచిన టార్పాలిన్ మధ్యలో, చెరువులో దిగినట్టు మోకాళ్ళదాకా కూరుకుపోయి కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

“రాండక్కా. దెబ్బలాడ్డానికొచ్చినారా?”

“దెబ్బలాటకి ఓపికెక్కడిది నాయనా? నీ మాట వినడానికొచ్చాను. రాయాలి.”

“నా మీద రాయడానికి నన్నే అడుగుతన్నారా?” అని నవ్వాడు. ప్లాస్టిక్ స్టూలు లాగి చొక్కాతో తుడిచి వేశాడు. “ఇలాంటి యుద్ధం నానెక్కడా సూళ్ళేదు.”

“చెప్పు. సమాధులు ఎందుకు తవ్వాలి?”

అతను పెద్ద సూదికి దారం ఎక్కించుకున్నాడు.

“మా అయ్య పోయినప్పుడు మేం ఈ చర్చిలో చేరనేదక్కా. ప్లాంటు అవతల రేకుల షెడ్డులో పార్థన జరిగేది, అక్కడికెల్లేవోళ్ళం. పాటలకి సోటుంది గానీ పాతిపెట్టడానికి సోటు నేదు. ట్రాలీ ఆటో మీద అయ్యనేసుకుని తిరిగినాం. ఒక కాడ, మీరు మా మెంబర్లు కారన్నారు. ఇంకో కాడ, మీ పాస్టరు దగ్గిర ఉత్తరం తెమ్మన్నారు. ఎండ. అయిసు కరిగిపోయి నీళ్ళు రోడ్డుమీద కారతన్నాయి. ట్రాలీవోడు, నాకు సిమెంటు లోడుంది బావా, బేగి తేల్చండంతాడు. ఆడిదేం తప్పునేదు. ఆఖరికి తగరపువలస అవతల మా మేనత్తోళ్ళ జీడితోటలో ఓ మూల పెట్టీసినాం.”

“అక్కడికి వెళ్తుంటావా?”

“ఎక్కడెల్తాను? ఆ తోట అమ్మీసినారు. కొన్నోడు గేటు తియ్యడు.” సూది గుచ్చి లాగాడు. “ఇప్పుడు మాయమ్మ మంచం మీదుంది. పొద్దున్న లేస్తే ఒకటే అడుగుద్ది. ఒరే, నన్నెక్కడెడతావురా అని.”

“ఏం చెప్తావు?”

“ఏటి సెప్తానక్కా? టీ ఇచ్చీసి షెడ్డుకొచ్చేత్తాను.”

ప్రేమలీల అక్కడే కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసింది. రాసి చదివి వినిపించింది. అతను సూది ఆపి విన్నాడు. చివర్లో తల అడ్డంగా ఊపాడు.

“ఒకటి తప్పు రాసినారు. మా మీద జాలిపడమని రాసినారు. జాలొద్దు. నానూ ఆ పెబువు బల్ల కాడ మోకాళ్ళేస్తన్నాను, మీరూ ఏస్తన్నారు. ఒకే గిన్నెలోని ద్రాచ్చరసం పుచ్చుకుంతన్నాం. బతికున్నప్పుడు ఒక గిన్నె, సచ్చినాక ఏరే గొయ్యా? అది రాయండి.”

ఆమె కొట్టేసి, అది రాసింది. మళ్ళీ చదివింది.

“ఆఁ. నాను సెప్పుంటే ఇంత బాగా సెప్పీవోణ్ణి కాదు,” అన్నాడు డేవిడ్ రాజు. “ఇప్పుడు దీన్నెలగ కొడతారో సూడాలి.”

అదే ఆమెకీ తెలియలేదు. ఇంటికొచ్చి అన్నం వండుకుని, తినకుండా మూతపెట్టి, ఖండన మొదలుపెట్టింది. పెన్ను కదల్లేదు. వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. బాల్కనీలో బట్టలు దులిపి మడతపెట్టింది. చివరికి ఒక పేరా రాసింది: ఊరవతల కొత్త స్థలం కొనడానికి కమిటీ ప్రయత్నిస్తోంది గనక పాత సమాధులు కదపనవసరం లేదు. ఆ స్థలం సంగతి ఆమె పెళ్ళై ఈ చర్చికి వచ్చిన ఏడాది నుంచీ ప్రతి వార్షిక సమావేశంలోనూ వింటోంది. రాబోయే కాలంలోనూ వింటుంది. తెలిసే రాసింది. అలిసిపోయిన చెయ్యి ఎటు పల్లముంటే అటు జారుతుంది. దాని కింద ఇంకో పేరా, తన సంగతి, తన ఆదివారం సాయంత్రాలు రాసి, పేజీలు పిన్ను కొట్టేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ కదలొద్దని కమిటీ చైర్మన్ అర్జునరావు మైకులో చెప్పాడు. ఆ చర్చిలో ఒక పద్ధతుంది. ఏ సంగతైనా పైకి చదువుతారు. ఒప్పుకున్నవాళ్ళు చివర “ఆమేన్” అంటారు. చేతులెత్తమంటే ఎవరు ఎటో తెలిసిపోయి ఏళ్ళతరబడి మొహాలు తిప్పుకుంటారని పాతకాలం పెద్దలు పెట్టిన ఏర్పాటు. ఆమేన్ గట్టిగా పలికితే ఆమోదం, నీరసంగా పలికితే కాదు. చైర్మన్ చెవే లెక్క.

చదవడం కార్యదర్శి జాక్సన్ పని. బ్యాంకులో ఉద్యోగం, గొంతు మంచిది. బైబిలు వాక్యం చదివినట్టే ఏదైనా చదువుతాడు. కరెంటు బిల్లు చదివినా కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది. ప్రేమలీల రాసింది అందుకుని మొదలుపెట్టాడు. ట్రాలీ ఆటో వచ్చింది. అయిసు కరిగింది. జీడితోట గేటు మూసుకుంది. జనం విసనకర్రలు ఆపేశారు. ‘బతికున్నప్పుడు మనకి ఒకే గిన్నె. చనిపోయాక వేరే గొయ్యి ఎందుకు?’ అన్నది సరిగ్గా పేజీ అడుగున పడింది. జాక్సన్ పేజీ తిప్పబోయాడు. పిన్ను దగ్గర కాయితం అతుక్కుంది. వేలు నాలుకకి అద్దుకున్నాడు.

ఆ సందులో ముందు బెంచీలోంచి ఒక ముసలావిడ “ఆమేన్” అంది.

ఒక గొంతు లేస్తే మిగతావి ఆగుతాయా? చర్చి చర్చంతా “ఆమేన్!” అంది. పై రేకులు కంపించాయి. పాత కుటుంబాల వాళ్ళు కూడా అలవాటు కొద్దీ అనేశారు. ఎల్లారావు అందరికన్నా గట్టిగా అన్నాడు. అప్పటికే ఆకలితో ఉన్న అర్జునరావు, “దేవునికి స్తోత్రం, ఏకగ్రీవం!” అనేశాడు.

“ఇంకా ఉందండీ,” అన్నాడు జాక్సన్, అతుక్కున్న కాయితం వంక చూస్తూ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎల్లారావు బెంచీ మీంచి లేచాడు.

“ఏటమ్మా ప్రేమలీలా! మనల్ని గెలిపించమంతే మన గోలుపోస్టులోనే కొట్టీసినావేటి?”

“నేను కొట్టలేదన్నా. నువ్వే ఆమేనన్నావు.”

“నాకేటి తెల్సు? బాగుంది, అనీసినాను!”

వెనక బెంచీల్లో నవ్వులు. డేవిడ్ రాజు నవ్వలేదు. గోడ పక్కన నిలబడి కాళ్ళు చూసుకుంటున్నాడు. అర్జునరావు మైకు సర్దుకుని, “జరిగింది పొరపాటు. ఆ ఆమేన్ లెక్కలోకి రాదు. ప్రేమలీలమ్మ రాసింది మొత్తం వినాలి. చదువు బాబూ,” అన్నాడు.

జాక్సన్ చదివాడు. ‘ఊరవతల కొత్త స్థలం కొనడానికి కమిటీ ప్రయత్నిస్తోంది గనక...’

అంత మంచి గొంతులో అది ఇంకా బోలుగా వినిపించింది. ప్రేమలీల తల దించుకుంది. ఏ పిల్లాడైనా ఇలా రాసుకొస్తే పక్కన అడ్డగీత గీసి, ఇది జవాబు కాదు, తప్పించుకోవడం అని రాసేది. కొందరు బుద్ధిలేనివాళ్ళంటారు అని రాసిన నాగవంశీ నయం, వాడు నిజంగా నమ్మి రాశాడు. ముందు వరసలో అర్జునరావు మాత్రం స్థలం మాటకి ఉత్సాహంగా తలూపుతున్నాడు. ఎల్లారావు కళ్ళలో వెలుగు వచ్చింది. వదిలేస్తే ఇది గెలుస్తుంది. అదీ తెలుస్తోంది.

లేచి నిలబడాలంటే మోకాలు సహకరించలేదు. ముందు బెంచీ పట్టుకుని లేచింది.

“ఆపు జాక్సన్. ఆ పేరా కొట్టెయ్యి.”

“ఆంటీ?”

“ఆ స్థలం కొనరు. కొంటారని నేనూ నమ్మలేదు. ఊరికే రాశాను.”

“అదేటమ్మా అలగనేస్తావు!” అర్జునరావు చిన్నబుచ్చుకున్నాడు. “మేం సూత్తన్నాం కదా. ఇంకా రేటు తెగనేదు.”

“మా ఆయన ఆ స్థలం కోసం చందా ఇచ్చి, చూసి చూసి పోయాడు అర్జునరావుగారూ.”

ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

“అది తీసీసినాక నీ దగ్గిర ఇంకేటి మిగిలిందమ్మా?” అన్నాడు ఎల్లారావు, నెమ్మదిగా.

“నా బాధ ఒకటి మిగిలింది. అదీ చదవమనండి. కానీ అది వాదన కాదు. దాన్ని చూసి ఆమేన్ అనకండి.”

జాక్సన్ చివరి పేరా చదివాడు. ఈసారి వాక్యం చదివినట్టు చదవలేకపోయాడు. ‘నా భర్త మాటకారి కాదు. నేను మాట్లాడితే వినేవాడు. ఇప్పటికీ ఆదివారాలు వెళ్ళి మాట్లాడతాను. ఆయన పైన పరాయి మనిషిని పెడితే నాకు నోరు రాదు. ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.’

అర్జునరావు మైకు అందుకున్నాడు. ముందు ప్రేమలీల రాసినదానికి ఆమేన్ అడిగాడు. పాత కుటుంబాల్లోంచి నాలుగైదు గొంతులు సన్నగా వచ్చాయి. ఆమేన్ అనొద్దని ఆమె చెప్పింది విని ఊరుకున్నవాళ్ళే ఎక్కువ. తర్వాత ప్రతిపాదనకి అడిగాడు. ఈసారి రేకులు కంపించలేదు గానీ ఆమేన్ నిండుగానే వచ్చింది. అన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా అన్నారు. ప్రేమలీల ఏ ఆమేనూ అనలేదు.

బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఎల్లారావు పక్క నుంచే పోయాడు. “రాయమంతే రాసినావు. మల్లీ కొట్టీమన్నదీ నువ్వే. సదువుకున్నోళ్ళతో పడలేం తల్లీ,” అని గొణిగి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, “మజ్జానం మా ఇంటికి రా. మీ వొదిన కోడి కోస్తంది,” అన్నాడు.

“వస్తాలే.”

డేవిడ్ రాజు ఆమె పైటకొంగుతో మొహం తుడుచుకునేదాకా ఆగి దగ్గరికొచ్చాడు. గెలిచినవాడి మొహంలా లేదు.

“కోపమేటక్కా?”

“కోపం కాదు డేవిడూ. నీరసం.”

“పై వరసలో మొదటిది మీయాయనదేనంట. జాక్సన్ సెప్పాడు. మాయమ్మకి ఆట్టే దినాలు నేవు. మీరు ఒద్దంతే రెండోదాని కోసం అడుగుతాను.”

“రెండోది మాత్రం ఎవరిదో ఒకరిది కాదా?”

గుమ్మం దగ్గర పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తుతున్నారు. ప్రేమలీల మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు చెప్పుల పట్టీ సర్దుకున్నట్టు వంగి ఉండి, తలెత్తకుండానే అడిగింది.

“మీ అమ్మ అక్కడికొచ్చాక నేనెలా వెళ్ళను? మొగుడితో మాట్లాడుకునే మాటలు. ఇంకో ఆడమనిషి వింటుంటే నోరెలా వస్తుంది?”

డేవిడ్ రాజు నిజంగానే ఆలోచించాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

“మాయమ్మకి సెవుడక్కా.”

ఆమె తలెత్తింది.

“రెండు సెవులూ. ఏళ్ళయిపోనాది. పక్కింటి గోడ కూలినా నిద్దర నెగనేదు. మీరేటి మాటాడుకున్నా ఇనపడదు.”

ప్రేమలీల నవ్వలేదు. నవ్వబోయిందో, ఏడవబోయిందో, కొంగు మాత్రం మళ్ళీ మొహం మీదికి వెళ్ళింది. తీసేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఈ మాట నిన్న షెడ్డులో ఎందుకు చెప్పలేదురా?”

“మీరు అడగనేదు కదక్కా.”

ఎండ చిరచిరలాడుతోంది. సాయంత్రం దాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. ఇప్పుడే వెళ్ళి ఆయనకి చెప్పాలి, ఇలా జరిగిందని, ఫలానా మనిషి రాబోతోందని. కొండవాలు వంక చూసింది. మోకాలి మీద చెయ్యేసి లేచింది.

“నీ బండి తియ్యి,” అంది. “పైదాకా దింపి, నువ్వు గేటు దగ్గరే ఉండు.”